తేదీ పాతది, కారణం కొత్తది

జపాన్‌లో ఇప్పుడు ఏడాదికి 16 జాతీయ సెలవులు. ఆ జాబితా మొత్తం చదివినా మతం వాసన ఎక్కడా తగలదు. పెద్దలను గౌరవించే రోజు, పిల్లల రోజు, సముద్ర దినం, పర్వత దినం, పచ్చదనం రోజు, సంస్కృతి దినం, శ్రమకు కృతజ్ఞత చెప్పుకునే రోజు. బడి గోడల మీద రాసే సూక్తుల్లా ఉంటాయి ఆ పేర్లు. దసరా, రంజాన్, క్రిస్మస్ చుట్టూ సెలవులు అల్లుకున్న మనకు ఇదంతా కాస్త చప్పగా అనిపించినా ఆశ్చర్యం లేదు. ఈ సెలవుల గురించి రెండు అభిప్రాయాలు చలామణీలో ఉన్నాయి. యుద్ధంలో ఓడిపోయాక జపాన్ పాతదంతా తుడిచేసి కొత్తగా రాసుకున్న లౌకిక జాబితా ఇది అన్నది మొదటిది. వేల ఏళ్ల సంప్రదాయానికి ఇది కొనసాగింపు అన్నది రెండోది, పర్యాటకుల కోసం రాసే పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. తేదీలను ఒక్కొక్కటిగా పట్టుకుని వెనక్కి నడిస్తే రెండూ నిలబడవు. జపాన్ ప్రభుత్వం గత 150 ఏళ్లలో సెలవుల పట్టికను పదేపదే తిరగరాసింది. రాసిన ప్రతిసారీ కారణాలనూ పేర్లనూ ధారాళంగా మార్చింది గాని, తేదీలను తాకడానికి మాత్రం తెగ జంకింది. ఏ తేదీని ఎవరు పట్టుకుని నిలబెట్టారన్నది చూస్తేనే ఈ పట్టిక అసలు చరిత్ర బయటపడుతుంది.

మొదటి తిరగరాత 1873 నాటిది. అంతకుముందు జపాన్ పంచాంగం చాంద్రమానం మీద, అధికమాసాలు కలుపుకుంటూ నడిచేది. జనం పండుగలూ దాన్ని బట్టే వచ్చేవి. ముఖ్యమైనవి అయిదు సెక్కులు: మొదటి నెల ఏడో రోజు, మూడో నెల మూడో రోజు, అయిదో నెల అయిదో రోజు, ఏడో నెల ఏడో రోజు, తొమ్మిదో నెల తొమ్మిదో రోజు. వీటికి తోడు వేసవి చివర పితృదేవతలు ఇంటికి వస్తారని నమ్మే బోన్ పండుగ. మేజీ చక్రవర్తి నాటి ప్రభుత్వం 1872 చివర్లో, కేవలం 23 రోజుల ముందు ప్రకటించి, సౌరమానానికి మారిపోయింది. పాత లెక్కలో పన్నెండో నెల మూడో రోజు ఏకంగా 1873 జనవరి 1 అయి కూర్చుంది. ఇంత తొందర ఎందుకన్నదానికి ఆనాటి ఆర్థిక వ్యవహారాలు చూసిన ఒకుమా షిగెనొబు తర్వాత మొహమాటం లేకుండా చెప్పిన కారణం ఒకటుంది. రాబోయే ఏడాదిలో అధికమాసం ఉంది, పాత పంచాంగమే ఉంటే ఉద్యోగులకు 13 నెలల జీతం ఇవ్వాలి, ఖజానాలో అంత డబ్బు లేదు. పన్నెండో నెల రెండు రోజులకే ముగియడంతో ఆ నెల జీతమూ కలిసొచ్చింది. ఆధునికత కోసం చేశారని మనం చదువుకునే సంస్కరణల్లో జీతాల లెక్కలు ఎంత పని చేస్తాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కొత్త క్యాలెండర్ వచ్చిన నెలలోనే అయిదు సెక్కులనూ అధికారికంగా రద్దు చేశారు. అదే ఏడాది అక్టోబర్ 14న వెలువడిన ఉత్తర్వు కొత్త సెలవులను ప్రకటించింది. ఒకటీ అరా తప్ప అన్నీ రాజకుటుంబం చుట్టూ తిరిగేవే. జనవరి 3న మూలపురుషులకు చక్రవర్తి చేసే పూజ, జనవరి 30న మేజీ చక్రవర్తి తండ్రి కోమేయ్ వర్ధంతి, ఫిబ్రవరి 11న మొదటి చక్రవర్తి జిమ్ము సింహాసనమెక్కిన రోజు, ఏప్రిల్ 3న అదే జిమ్ము వర్ధంతి, నవంబర్ 3న అప్పటి చక్రవర్తి పుట్టినరోజు, నవంబర్ 23న కొత్త ధాన్యాన్ని దేవతలకు నివేదించే నీనామెసాయ్. 1878లో రెండు విషువత్తు దినాలు కూడా వచ్చి చేరాయి. విషువత్తుల రోజుల్లో సమాధుల దగ్గరకు వెళ్లి పెద్దలను తలుచుకోవడం జపాన్ బౌద్ధ కుటుంబాల్లో చాలాకాలంగా ఉన్న ఆచారమే. దాన్ని హిగన్ అంటారు. శరదృతువు హిగన్ ఇంచుమించు మన మహాలయ పక్షం వచ్చే కాలంలోనే వస్తుంది, అందులో పెద్దలకు పెట్టే వంటకాలదీ పెద్ద పాత్రే. ప్రభుత్వం ఆ రోజుల్నే తీసుకుని, రాజవంశ పూర్వికులను కొలిచే రోజులుగా ప్రకటించింది. జనం తమ తాతముత్తాతల సమాధుల దగ్గరకు వెళ్తూనే ఉన్నారు. గెజెట్‌లో మాత్రం కారణం మారింది. ఈ ఎత్తుగడ తర్వాత చాలాసార్లు కనిపిస్తుంది.

జిమ్ము తేదీ కథ ఇంకా విచిత్రం. క్రీ.పూ. 660లో, మొదటి నెల మొదటి రోజున జిమ్ము కషిహరలో పట్టాభిషిక్తుడయ్యాడని 8వ శతాబ్దపు రాజగ్రంథం నిహోన్ షోకి చెబుతుంది. అలాంటి రాజు ఉన్నాడనడానికి చరిత్రకారుల దగ్గర ఆధారం లేదు. అయినా తేదీ కావాలి. 1873లో ఆ ఉత్సవాన్ని మొదట జనవరి 29న జరిపారు, ఎందుకంటే పాత చాంద్రమానం ప్రకారం ఆ ఏడాది సంవత్సరాది ఆ రోజున పడింది. ఇందులో ఉన్న చిక్కు వెంటనే తెలిసొచ్చింది. ప్రభుత్వం పాత సంవత్సరాదినే మళ్లీ అనుమతిస్తోందని జనం అనుకునే ప్రమాదం ఉంది. అందుకని లెక్కలు తిరగేసి, 2,500 ఏళ్ల కిందటి పాడ్యమి సౌరమానంలో ఫిబ్రవరి 11 అవుతుందని తేల్చారు. ఇలా పుట్టిన తేదీకి కిగెన్‌సెత్సు అని పేరు. 1889లో మేజీ రాజ్యాంగాన్ని కావాలనే ఆ రోజు ప్రకటించారు. కొత్త సెలవును బడి ద్వారా ఇంటింటికీ చేర్చారు. సెలవు రోజే అయినా పిల్లలు బడికి రావాలి, చక్రవర్తి చిత్రపటానికి వంగి నమస్కరించాలి, తెల్ల చేతితొడుగులు వేసుకున్న ప్రధానోపాధ్యాయుడు 1890 నాటి విద్యా ప్రకటన చదువుతుంటే తల వంచుకుని వినాలి, గీతం పాడాలి. సెలవంటే విశ్రాంతి అన్న అర్థం ఆ తరానికి తెలియదు. కదలకుండా నిలబడాల్సిన రోజది.

1945 డిసెంబర్‌లో ఆక్రమణ సైన్యపు ఆదేశంతో షింటో మతానికీ ప్రభుత్వానికీ ముడి తెగింది. ఇక ఈ పట్టిక బతికే దారి లేదనిపించాలి. 1948 జులై 20న అమల్లోకి వచ్చిన సెలవుల చట్టం తొమ్మిది రోజులను పేర్కొంది. పాత పట్టికను పక్కన పెట్టుకుని చదివితే ఎంత మిగిలిందో తెలుస్తుంది. వసంత విషువత్తు ఉంది, ఇప్పుడు ప్రకృతిని మెచ్చుకోవడానికి. శరద్విషువత్తు ఉంది, పూర్వికులను తలుచుకోవడానికి, అయితే ఎవరి పూర్వికులో చట్టం చెప్పదు. ఏప్రిల్ 29 అప్పటి షోవా చక్రవర్తి పుట్టినరోజుగానే ఉంది. నవంబర్ 3 సంస్కృతి దినమైంది, నవంబర్ 23 శ్రమకు కృతజ్ఞత తెలిపే రోజైంది. తొమ్మిదింటిలో జనవరి 1తో కలిపి ఆరు పాత తేదీలే. నిజంగా కొత్తవి యుక్తవయస్కుల రోజైన జనవరి 15, రాజ్యాంగ దినమైన మే 3 మాత్రమే. మిగిలిన మే 5 సంగతి మరీ తమాషా. 1873లో ప్రభుత్వం రద్దు చేసిన అయిదు సెక్కుల్లో అదొకటి, మగపిల్లల పండుగ. 75 ఏళ్లపాటు ప్రభుత్వం పట్టించుకోకపోయినా జనం ఇళ్ల ముందు గుడ్డతో చేసిన చేపజెండాలు ఎగరేస్తూనే వచ్చారు, తేదీని మాత్రం కొత్త క్యాలెండర్‌కు మార్చుకున్నారు. 1948లో చట్టం ఆ రోజును ఆడామగా పిల్లలందరిదీ చేసింది. తల్లికి కృతజ్ఞత చెప్పుకోమని కూడా అదే వాక్యంలో జోడించింది. ఆడపిల్లల పండుగైన మార్చి 3కు మాత్రం ఈ భాగ్యం దక్కలేదు. ఇప్పటికీ అది పనిదినమే.

నవంబర్ 23ను కాస్త దగ్గరగా చూడాలి. పాత పంచాంగంలో నీనామెసాయ్ పదకొండో నెలలో వచ్చే రెండో కుందేలు రోజున జరిగేది. రోజులను పన్నెండు జంతువుల పేర్లతో లెక్కపెట్టే చైనా పద్ధతి అది. 1873 నవంబర్‌లో రెండో కుందేలు రోజు 23న పడింది. ఆ తర్వాత కుందేళ్లను లెక్కపెట్టడం మానేసి 23నే శాశ్వతం చేశారు. ఇప్పుడు ఆ రోజు కార్యాలయాలకు సెలవు. అదే రాత్రి తోక్యో రాజప్రాసాద ప్రాంగణంలోని గుడిలో చక్రవర్తి తెల్లని పట్టు దుస్తుల్లో ఆ ఏటి కొత్త బియ్యాన్ని, చిరుధాన్యాన్ని, బియ్యపు మద్యాన్ని దేవతలకు నివేదించి తానూ ప్రసాదంగా స్వీకరిస్తాడు. సాయంత్రం ఒకసారి, రాత్రి పొద్దుపోయాక మరోసారి. రాజ్యాంగ పరిభాషలో అది రాజకుటుంబపు సొంత పూజ, ప్రభుత్వానికి సంబంధం లేదు. సెలవు శ్రమకు, పూజ బియ్యానికి, రెండూ ఒకే రోజు రావడం యాదృచ్ఛికం అని చట్టం నటిస్తుంది. ఆ నటన ఎంత పల్చనిదో 2018లో బయటపడింది. కొత్త చక్రవర్తి చేసే మొదటి నీనామెసాయ్‌ను దైజోసాయ్ అంటారు, దానికి ప్రభుత్వ నిధులు వాడుతారు. మతపరమైన ఈ తంతును రాజకుటుంబపు సొంత ఖర్చుతో క్లుప్తంగా చేసుకోవచ్చు కదా అని యువరాజు అకిషినో బహిరంగంగా ప్రశ్నించారు. ప్రశ్న వేసింది ప్రతిపక్షం కాదు, కాబోయే చక్రవర్తి సొంత తమ్ముడు. అయినా 2019 నవంబర్‌లో అది ప్రభుత్వ నిధులతోనే జరిగింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. నీనామె తంతు 1873లో పుట్టింది కాదు, ప్రాచీన గ్రంథాల్లోనే ఉంది. విషువత్తులో సమాధుల దర్శనమూ అంతే. మేజీ కాలపు కల్పన అని కొట్టిపారేయడం అతి కాదా? కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. తంతు పాతదే, కాని ఆస్థానపు తంతు. దేశంలోని ప్రతి రైతూ ప్రతి బడిపిల్లవాడూ ఆ తంతుకు ఒక తేదీ కేటాయించుకోవాలన్నది మాత్రం 1873 ఉత్తర్వు తెచ్చిన కొత్తదనం. అసలు సంప్రదాయానికే పట్టం కట్టాలనుకుని ఉంటే మొదట రావలసింది బోన్. నేటికీ ఆగస్టు నడుమ రైళ్లు కిక్కిరిసేది, రహదారులు నిలిచిపోయేది బోన్‌కు సొంతూళ్లకు వెళ్లేవాళ్లతోనే. అది ఏనాడూ జాతీయ సెలవు కాలేదు. జనానికి అన్నిటికన్నా దగ్గరైన పండుగ పట్టికలో లేకపోవడం చూశాక, ఆ పట్టికను సంప్రదాయపు అద్దంగా తీసుకోవడం కష్టం.

ఫిబ్రవరి 11 మాత్రం 1948లో పట్టికకెక్కలేదు. పార్లమెంటు కమిటీల్లో దానికి మద్దతు గట్టిగానే ఉన్నా ఆక్రమణ అధికారులు ఒప్పుకోలేదు. సార్వభౌమత్వం తిరిగొచ్చాక దాన్ని పునరుద్ధరించాలని బిల్లు మీద బిల్లు వచ్చింది, ఒక్కటీ నెగ్గలేదు. వ్యతిరేకించినవాళ్లలో వామపక్షాలు, ఉపాధ్యాయ సంఘాలు, చరిత్రకారులు ఉన్నారు. అందరికన్నా ఇబ్బంది పెట్టినవాడు మికాసా యువరాజు. షోవా చక్రవర్తి చిన్న తమ్ముడు, ప్రాచీన పశ్చిమాసియా చరిత్ర చదివినవాడు, యుద్ధకాలంలో సైనికాధికారిగా చైనాలో పనిచేసినవాడు. రుజువు లేని తేదీని దేశచరిత్రగా చెప్పడం విద్యకు ద్రోహమన్న వైపున ఆయన నిలబడ్డాడు, 1959లో ఆ విషయం మీద పండితుల వ్యాసాలతో ఒక పుస్తకం కూడా తెచ్చాడు. చివరికి 1966లో ప్రభుత్వం ఒక ఉపాయం కనిపెట్టింది. దేశ స్థాపనను స్మరించే సెలవు ఉంటుందని చట్టంలో రాసి, అది ఏ తేదీయో రాయకుండా మంత్రివర్గ ఉత్తర్వుకు వదిలేసింది. ఒక సలహా మండలిని వేశారు, అది డిసెంబర్‌లో ఫిబ్రవరి 11నే సూచించింది, 1967 నుంచి సెలవు మొదలైంది. పార్లమెంటు కారణాన్ని ఆమోదించింది, తేదీ వెనక దారిలో వచ్చింది. పట్టికలో మిగతా చోట్ల తేదీ ముందుండి కారణం మారుతుంది. ఇక్కడ కారణానికి మెత్తటి మాటలు తొడిగింది కూడా తేదీని కాపాడుకోవడానికే.

అయితే తేదీలన్నీ ఇలాగే నిలిచాయా? నిలవలేదు, అసలు పరీక్ష అక్కడే ఉంది. జనవరి 30, ఏప్రిల్ 3 వంటివి పోతే ఎవరూ కన్నీరు పెట్టలేదు. మేజీ చక్రవర్తి 1912లో చనిపోయాక నవంబర్ 3 కూడా మామూలు రోజైపోయి, 1927లో ఆయన స్మారకంగా తిరిగి వచ్చింది. ఆయన తర్వాత వచ్చిన తైషో చక్రవర్తి పుట్టింది ఆగస్టు 31న. ఎండలు మండిపోతుంటే ఉత్సవాలేమిటని ఆ వేడుకను అక్టోబర్ 31కి జరిపారు. ఆయన పోయాక ఆ రెండు తేదీలనూ ఎవరూ తలుచుకోలేదు. షోవా చక్రవర్తి పుట్టిన ఏప్రిల్ 29 మాత్రం 1989లో ఆయన పోయాక పచ్చదనం రోజుగా నిలిచింది. 2007 నుంచి అదే తేదీ షోవా దినం, పచ్చదనం మే 4కు తరలింది. ఆ మార్పు బిల్లు రెండుసార్లు ఆగి 2005లో నెగ్గింది. మరి ఆయన కొడుకు అకిహితో పుట్టిన డిసెంబర్ 23? 2019లో ఆయన గద్దె దిగాక అది పనిదినమైంది. కొత్త చక్రవర్తి నరుహితో పుట్టినరోజు ఫిబ్రవరి 23 అప్పటికే దాటిపోవడంతో ఆ ఏడాది చక్రవర్తి పుట్టినరోజు సెలవే రాలేదు. మాజీ చక్రవర్తి జీవించి ఉండగా ఆయన పుట్టినరోజుకు సెలవిస్తే అధికారం రెండు చోట్ల ఉన్నట్టు కనిపిస్తుందన్న వాదన వినిపించింది. అది కొంత నిజమే. కాని ఏప్రిల్ 29కి ఉన్న బలం డిసెంబర్ 23కి లేదన్నది అంతకన్నా పెద్ద నిజం. ఏప్రిల్ 29, మే 3, మే 5 కలిసి వసంతంలో ఒక వారపు విడుపును తయారుచేశాయి. 1951లో ఆ వారంలో విడుదలైన చిత్రం బాగా ఆడడంతో దాయే అనే సినిమా సంస్థ గోల్డెన్ వీక్ అని పేరు పెట్టి ప్రచారం చేసింది, పేరు స్థిరపడింది. ఆ వారానికి తలుపు ఏప్రిల్ 29. దాన్ని తీసేస్తే రైల్వేలు, హోటళ్లు, కోట్లాది కుటుంబాలు గగ్గోలు పెడతాయి. ప్రభుత్వం ఒక్కటే పట్టుకున్న తేదీ పాలకుడితో పాటు పోయింది. దానికి తోడు జనమో, వ్యాపారమో, పట్టువదలని ఉద్యమమో వచ్చి చేరిన తేదీ మిగిలింది.

దీన్ని సరిచూసుకోవడానికి 2000 నుంచి వచ్చిన హ్యాపీ మండే ఏర్పాటు బాగా పనికొస్తుంది. శని, ఆది, సోమ కలిపి మూడు రోజులు విడుపు దొరికితే జనం తిరుగుతారు, ఖర్చు పెడతారు అన్న లెక్కతో నాలుగు సెలవులను సోమవారాలకు మార్చారు. యుక్తవయస్కుల రోజు జనవరి 15 నుంచి, క్రీడల రోజు అక్టోబర్ 10 నుంచి, సముద్ర దినం జులై 20 నుంచి, పెద్దల రోజు సెప్టెంబర్ 15 నుంచి జరిగాయి. అక్టోబర్ 10 అంటే 1964 తోక్యో ఒలింపిక్స్ ప్రారంభమైన రోజు. సెప్టెంబర్ 15 పుట్టుక ఇంకా ముచ్చటైనది: 1947లో హ్యోగో ప్రాంతంలోని నోమదాని అనే చిన్న గ్రామంలో, కోతలకు ముందు తీరికగా ఉండే రోజు చూసి ముసలివాళ్లను కూర్చోబెట్టి భోజనం పెట్టి ముచ్చట్లు చెప్పించిన ఊరి సభ నుంచి అది దేశమంతా పాకింది. ఇలా కింద నుంచి వచ్చిన తేదీలు కదిలాయి. ఫిబ్రవరి 11, ఏప్రిల్ 29, నవంబర్ 3, నవంబర్ 23 కదలలేదు. ఇందులో నా వాదనకు ఎదురు తిరిగేది సముద్ర దినం. 1876లో మేజీ చక్రవర్తి ఈశాన్య పర్యటన ముగించుకుని మేజీ మారు అనే ఓడలో యోకొహామాకు చేరిన రోజు జులై 20. దాన్ని స్మారక దినం చేసింది 1941లో, యుద్ధపు ఉక్కపోతలో. రాజమూలం ఉండి కూడా కదిలింది కదా? కదిలింది, ఎందుకంటే సెలవుగా దాని వయసు అప్పటికి పదేళ్లు కూడా లేదు, 1996లోనే మొదలైంది. వెనక నిలబడింది ఓడల పరిశ్రమ ఒక్కటే. జులై 20కే మార్చమని వాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు, ఎవరూ వినడం లేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. ఈ మూలాలు ఎవరికి కావాలి? సగటు జపాన్ ఉద్యోగికి నవంబర్ 23 ఒక విడుపు, అంతే. నిజమే, అందులో వాదించడానికి ఏమీ లేదు. పైగా అక్కడ సెలవుల సంఖ్య పెరగడానికి అసలు కారణం భక్తి కాదు, కార్యాలయ సంస్కృతి. తోటివాళ్లు పనిచేస్తుంటే తాను సొంత సెలవు పెట్టడానికి సిగ్గుపడే ఉద్యోగుల దేశంలో, జీతంతో కూడిన వార్షిక సెలవుల్లో సగం చాలాకాలం వాడకుండానే పోయేవి. కనీసం అయిదు రోజులైనా తప్పక ఇప్పించాలని 2019లో యజమానులను చట్టంతో కట్టేయాల్సి వచ్చింది. అందరికీ ఒకేసారి తలుపు మూసేయడమే విశ్రాంతికి దారి అయినచోట ప్రభుత్వం సెలవులు పెంచుతూ పోయింది. సెలవు ఆదివారం పడితే తర్వాతి పనిదినానికీ, రెండు సెలవుల మధ్య ఇరుక్కున్న రోజుకూ సెలవే. 2026 సెప్టెంబర్ 22 అలా వస్తున్నదే. కాని జనం పట్టించుకోకపోవడం నా వాదనను బలహీనపరచదు. ఎవరూ కారణం అడగరు కాబట్టే కారణాన్ని మార్చడం అంత తేలిక. తేదీ పోతే మాత్రం విడుపు పోతుంది, అది అందరికీ తెలుస్తుంది. 2016లో వచ్చిన పర్వత దినం ఈ లెక్కను పూర్తిగా బట్టబయలు చేసింది. దాని వెనక ఏ రాజూ, ఏ సంఘటనా లేవు. పర్వతారోహణ సంఘాలు సెలవు కోరాయి, బోన్ రోజులకు అతుక్కుని ఉంటే పరిశ్రమలకు ఇబ్బంది ఉండదని ఆగస్టు నడుమను ఎంచుకున్నారు. ముందు 12 అనుకున్నారు. 1985లో అదే తేదీన గున్మా కొండల్లో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 520 మంది చనిపోయారు కనుక ఒక రోజు వెనక్కి జరిపి 11 చేశారు. జనానికి పట్టింపు ఉన్న తేదీ ఏదో అక్కడ అడగకుండానే తెలిసింది.

తేదీల మీద కొత్త అర్థాలు ఎక్కించడం జపాన్ ఒక్కటే చేసే పని కాదు. 1930లో పూర్ణ స్వరాజ్య దినంగా పాటించిన జనవరి 26 కోసమే మన రాజ్యాంగం రెండు నెలలు ఆగి అమల్లోకి వచ్చింది. తేడా ఏమిటంటే మనం ఆ ముడిని పాఠ్యపుస్తకాల్లో గర్వంగా చెప్పుకుంటాం, జపాన్ చట్టం దాని మీద మౌనం వహిస్తుంది. 1946లో యుద్ధానంతర రాజ్యాంగాన్ని ప్రకటించింది మేజీ చక్రవర్తి పుట్టిన నవంబర్ 3నే. ఆ రోజునే రాజ్యాంగ దినం చేయాలని ఎగువసభలో రచయిత యమమోతో యూజో వంటివాళ్లు పట్టుబట్టారు, ఆక్రమణ అధికారులు ఒప్పుకోలేదు. రాజ్యాంగ దినం అది అమల్లోకి వచ్చిన మే 3కు పోయింది, నవంబర్ 3కు స్వేచ్ఛనూ శాంతినీ ప్రేమించి సంస్కృతిని పెంపొందించడం అన్న వివరణ దక్కింది. ఇప్పుడు కొందరు పార్లమెంటు సభ్యులు ఏప్రిల్ 29 దారి చూపించి, నవంబర్ 3ను మేజీ దినం చేయమంటున్నారు. తేదీని వాళ్లు వెతుక్కోనక్కర్లేదు, 1912 తర్వాతి కొన్నేళ్లు తప్ప అది 150 ఏళ్లుగా అక్కడే ఉంది. అభ్యంతరం చెప్పేవాళ్లకు చిక్కొచ్చిపడింది, ఎందుకంటే అది ఆ చక్రవర్తి పుట్టినరోజన్నది కాదనలేని సంగతి. వాళ్ల చేతిలో ఉన్న జవాబు ఒకటే: సర్వాధికారం ప్రజలదని చెప్పే రాజ్యాంగం వెలువడింది కూడా ఆ రోజే.